టైలర్ మాస్టారి ఎడమ చెయ్యి: పక్షవాతం తర్వాత టేపింగ్, ఒక కేసు వివరం

మొదటి రోజు ఆయన తన ఎడమ చేతిని కుడి చేత్తో తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. మణికట్టు పట్టుకుని ఎత్తారు, దించారు, వదిలేశారు. వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, బొటనవేలు వాటి కింద ఇరుక్కుంది. "ఇది నాది కానట్టే ఉందమ్మా" అన్నారు. పక్కన నిలబడ్డ ఆయన భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వయసు 54. తెనాలి దగ్గర ఒక పల్లెలో ముప్పై ఏళ్లుగా టైలరు. ఊళ్లో అందరూ మాస్టారనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. కుడిచేతి వాటం. పేరు, ఊరు రాయడం లేదు. మిగతా వివరాలు రాయడానికి ఆయనా ఆయన భార్యా ఒప్పుకున్నారు. ఫిజియోథెరపిస్టునైన నన్ను పక్షవాతం వచ్చిన చేతికి టేపు వేయడం గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. రంగురంగుల టేపులు ఫోన్‌లో చూసి, "అది వేస్తే చెయ్యి లేస్తుందట కదా" అని వస్తున్నారు. అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో చెప్పి పంపించలేను. ఈ కేసులో టేపు ఏం చేసిందో, ఏం చెయ్యలేదో చూసింది చూసినట్టు రాస్తాను.

నా దగ్గరికి వచ్చేముందు

బీపీ పదేళ్లుగా ఉంది. ఒంట్లో బాగానే ఉందని ఆరు నెలల ముందు మాత్రలు మానేశారు. మార్చి మొదట్లో ఒకరోజు తెల్లవారుజామున మంచం దిగబోతే ఎడమ కాలు, ఎడమ చెయ్యి పట్టు తప్పాయి. రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉన్నారు కాబట్టి ఎన్ని గంటలకు మొదలైందో ఎవరికీ తెలియదు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఈయన ఆసుపత్రికి చేరేసరికే మధ్యాహ్నమైంది. మెదడు కుడి వైపున మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ అనే రక్తనాళం రక్తం అందించే భాగం దెబ్బతిన్నట్టు స్కాన్‌లో తేలింది. మాట పోలేదు. తొమ్మిది రోజులకు ఇంటికి పంపారు.

ఆ తర్వాతి నాలుగు వారాల్లో జరిగిందే ఈ కేసుకు అసలు మూలం. ఒక బంధువు మాట మీద నూనె మర్దనకు తీసుకెళ్లారు. అక్కడ రోజూ చేతిని గట్టిగా లాగి తలపైకి ఎత్తేవారట. ఇంట్లో వసారా దూలానికి కప్పీ కట్టి, తాడు వేసి, కుడి చేత్తో ఎడమ చేతిని పైకి లాగించేవారు. మంచం మీంచి లేపేటప్పుడు కొడుకు ఎడమ రెక్క పట్టుకుని లేపేవాడు. అందరూ ప్రేమతోనే చేశారు. మూడో వారానికి భుజం నొప్పి మొదలై, రాత్రిళ్లు ఆయనకు నిద్ర లేకుండా చేసింది.

కప్పీ సంగతి ఇక్కడే చెప్పాలి. భుజం కీలులో బంతి పెద్దది, గూడు చాలా లోతు తక్కువ. బంతిని గూట్లో నిలబెట్టేది చుట్టూ ఉన్న కండరాలు. పక్షవాతంలో ఆ కండరాలు సడలితే చేతి బరువంతా కీలు చుట్టూ ఉన్న పొర మీద పడి, బంతి కిందికి జారుతుంది. మామూలుగా చెయ్యి పైకెత్తేటప్పుడు వీపు వైపున్న రెక్క ఎముక కూడా తిరిగి దారి ఇస్తుంది. కండరం పట్టులో లేనప్పుడు అది తిరగదు. అలాంటి చేతిని తాడుతో పైకి లాగితే మధ్యలో ఉన్న మెత్తటి కణజాలం రెండు ఎముకల మధ్య నలుగుతుంది. 1990లో అచ్చయిన ఒక పరిశోధనలో కప్పీ వాడినవాళ్లలో 62 శాతం మందికి భుజం నొప్పి వచ్చింది. థెరపిస్టు చేత్తో చేయించిన వాళ్లలో 8 శాతం మందికే వచ్చింది. అది చిన్న పరిశోధనే, అయినా నా అనుభవం కూడా దానితోనే ఉంది. మా జిల్లాల్లో ఇప్పటికీ ఇంటింటికీ ఈ కప్పీలు కనిపిస్తుంటే బాధేస్తుంది. ఆ రోజే కొడుకును పిలిచి, "బాబూ, ఇంటికెళ్లగానే ముందు ఆ తాడు విప్పెయ్" అన్నాను.

మొదటి పరీక్ష

జబ్బు వచ్చిన 37వ రోజున నా దగ్గరికి వచ్చారు. చేతికర్ర సాయంతో నడుస్తున్నారు. భుజం చివర ఎముక అంచు కింద వేలు పెట్టి చూస్తే రెండు వేళ్లు పట్టే సందు ఉంది. చేతిని నేను నెమ్మదిగా ముందుకు ఎత్తితే 80 డిగ్రీల దగ్గర ముఖం మారిపోయింది. మోచెయ్యి ఒంటికి ఆనించి చేతిని బయటికి తిప్పితే 20 డిగ్రీలు దాటనివ్వలేదు. రాత్రి నొప్పి పదికి ఏడు.

చేతి కదలికను కొలవడానికి ఫ్యూగల్-మేయర్ అనే పరీక్ష వాడతాం. 1975లో స్వీడన్‌లో తయారైంది, చేతికి మొత్తం 66 మార్కులు. మాస్టారికి 19 వచ్చాయి. భుజం పైకి లేపబోతే మోచెయ్యి దానంతటదే ముడుచుకుపోతోంది. వేళ్లు కొంచెం ముడవగలరు, తెరవలేరు. మణికట్టు ముడిచే కండరాల బిగువు మార్పు చేసిన ఆష్‌వర్త్ కొలతలో 2 (ఇది సున్నా నుంచి 4 దాకా ఉంటుంది, అంకె పెరిగితే బిగువు ఎక్కువ). నిమిషంలో ఎన్ని చిన్న చెక్కముక్కలు అటునుంచి ఇటు వేయగలరో చూసే పరీక్షలో ఎడమ చేతికి సున్నా. కళ్లు మూసి మణికట్టును కదిపితే పైకో కిందికో ఐదుసార్లలో మూడుసార్లు తప్పు చెప్పారు. స్పర్శ మొద్దుబారి ఉంది. గదిలో ఏమేం ఉన్నాయో చెప్పమంటే కుడి వైపున్నవన్నీ చెప్పి, ఎడమ వైపున్న అద్దాన్ని వదిలేశారు. కుడి మెదడు దెబ్బతిన్నవాళ్లలో ఎడమ పక్క ప్రపంచం మీద ధ్యాస తగ్గడం తరచూ చూస్తాం.

మీకేం కావాలి అని అడిగాను. చాలామంది "చెయ్యి మామూలుగా రావాలి" అంటారు. ఈయన మాత్రం, "గుడ్డ పరిచి పట్టుకోవాలమ్మా. మిషను మీద కుడి చెయ్యి ముందుంటుంది. ఎడమ అరచెయ్యి గుడ్డ మీద చాపలా పడుండాలి. అది చాలు. జూన్‌లో స్కూలు యూనిఫాంలు వస్తాయి" అన్నారు. ఇంత స్పష్టంగా లక్ష్యం చెప్పే పేషెంటు దొరకడం అదృష్టం. ఎడమ చేత్తో పట్టు బిగించక్కర్లేదు, అరచెయ్యి తెరుచుకుని బల్లకు ఆనితే చాలు. చికిత్సంతా దాని చుట్టూ కట్టాను.

టేపు ఎందుకు, ఏ టేపు

టేపుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి సాగని తెల్ల టేపు, జింక్ ఆక్సైడ్ జిగురుది. కీలును గట్టిగా పట్టి ఉంచుతుంది కానీ చర్మాన్ని త్వరగా పాడు చేస్తుంది. రెండోది సాగే నూలు టేపు. దీన్ని 1970ల్లో జపాన్‌కు చెందిన కెంజో కాసే రూపొందించారు, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో క్రీడాకారుల ఒంటి మీద కనిపించాక ప్రపంచమంతా పాకింది. పొడవు దిశలోనే సాగుతుంది. ఒంటి వేడికి జిగురు పట్టుకుంటుంది. మూడు నుంచి ఐదు రోజులు ఉంచవచ్చు, స్నానం చేయవచ్చు.

చర్మాన్ని పైకి లేపి రక్తప్రసరణ పెంచుతుందని, ఈ దిశలో వేస్తే కండరం బలపడుతుందని, ఆ దిశలో వేస్తే సడలుతుందని చాలా చెబుతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద జరిగిన పరీక్షల్లో దిశ మార్చినా కండర బలంలో తేడా కనిపించలేదు. పక్షవాతం వచ్చిన భుజానికి సంబంధించిన పరిశోధనలు చాలావరకు చిన్నవి. నొప్పి తగ్గడం, జారుడు కొంత తగ్గడం కొన్నింటిలో కనిపించింది. టేపు ఒక్కదానితో చేతి పనితనం పెరిగిందని గట్టిగా చెప్పే ఆధారం లేదు. కాబట్టి నేను టేపును మూడు పనులకే వాడతాను. చేతి బరువులో కొంత మోస్తుంది. మొద్దుబారిన చర్మాన్ని తాకుతూ, ఇటు పక్క ఒక చెయ్యి ఉందని గుర్తు చేస్తూ ఉంటుంది. మూడోది ఏ పుస్తకంలోనూ చదవలేదు, నా పేషెంట్ల ఇళ్లలో చూశాను. భుజం మీద నీలం టేపు కనిపిస్తే ఇంట్లోవాళ్లు ఆ రెక్క పట్టుకుని లాగరు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినని చేతులు ఆ పట్టీ చూడగానే ఆగిపోతాయి.

మొదటి వారం, నేను చేసిన తప్పు

నెల రోజుల నూనె చర్మంలో ఇంకిపోయి ఉంది. సున్నిపిండితో రెండు రోజులు స్నానం చేయించమని, నూనె పూర్తిగా ఆపమని చెప్పాను. స్పర్శ లేని చెయ్యి మంటను చెప్పలేదు. అందుకే ముందు కుడి ముంజేతి లోపలి వైపు చిన్న ముక్క అంటించి 24 గంటలు చూశాను. దద్దురు రాలేదు.

భుజానికి మూడు పట్టీలు. మోచేతిని దిండు మీద ఆనించి, ఆయన భార్య రెండు చేతులతో పైచేతిని గూట్లోకి ఎత్తి పట్టుకుంటే నేను అంటించాను. మొదటిది పైచేతి బయటి వైపు మధ్య నుంచి నిటారుగా భుజం అంచు మీదుగా మెడ పక్కకు, మధ్య భాగంలో సగం సాగదీసి. మిగతా రెండూ భుజాన్ని కప్పి ఉండే డెల్టాయిడ్ కండరానికి ముందు ఒకటి, వెనక ఒకటి, దాదాపు సాగదీయకుండా. జిగురు పట్టేదాకా అరచేత్తో రుద్దాను. ఆ రాత్రి నొప్పి ఏడు నుంచి ఐదుకు తగ్గిందని ఫోన్ చేశారు.

రెండోసారి వేసినప్పుడు ఇంకాస్త గట్టిగా పట్టాలని కింది చివరిదాకా లాగి అంటించాను. మూడో రోజు స్నానం చేయిస్తుంటే ఆయన భార్యకు టేపు చివర రూపాయి బిళ్లంత నీటి బొబ్బ కనిపించింది. ఆయనకు తెలియనే లేదు. తప్పు పూర్తిగా నాది. టేపు చివర్లో బిగువుంటే అది వెనక్కి పోవాలని చూస్తూ చర్మాన్ని పొరలు విడేలా లాగుతుంది. రెండు చివర్లా అంగుళంన్నర పొడవు ఏమాత్రం సాగదీయకూడదని నాకు తెలుసు. నొప్పి తగ్గిందన్న ఉత్సాహంలో మరిచాను. ఆమెకు క్షమాపణ చెప్పి, చర్మం మానేదాకా ఐదు రోజులు టేపు లేకుండా దిండు, చేతిని మెడకు వేలాడదీసే సంచి (స్లింగ్) ఆసరాతో నడిపించాను. ఆ తర్వాత టేపు కింద, చుట్టూ చర్మం ఎలా ఉందో రోజూ రెండుపూటలా చూసి నాకు ఫోటో పంపడం ఆమె పనైంది.

ఈ వారాల్లో టేపుతో పాటు భుజం పై కండరాలకు, వెనక డెల్టాయిడ్‌కు రోజూ 20 నిమిషాలు కరెంటు ప్రేరణ (చర్మం మీంచి చిన్న కరెంటు పంపి కండరాన్ని కదిలించడం) కూడా ఇచ్చాను. తొలి నెలల్లో భుజం జారుడుకు దీనికి టేపు కంటే మెరుగైన ఆధారం ఉంది. ఫలితాలు చూసేటప్పుడు దీన్ని మరిచిపోకూడదు.

కత్తెర

మూడో వారంలో చేతి వెనక భాగానికి టేపు మొదలుపెట్టాలనుకున్నాను. మోచేతి బయటి ఎముక దగ్గర మొదలై, ముంజేతి వెనక నుంచి మణికట్టు దాటి, వేళ్ల మొదళ్లలోకి వెళ్లే పట్టీ. చివర రెండు రంధ్రాలు చేసి మధ్యవేలు, ఉంగరపు వేలు వాటిలోంచి దూర్చాలి. నేను టేపు మడిచి కత్తెరతో కోస్తుంటే మాస్టారు చూస్తూ ఊరుకోలేకపోయారు.

"అలా కొయ్యకూడదమ్మా. కాజా అంటే మడత మీద చిన్న గాటు పెట్టాలి. ఎక్కువ కోస్తే అక్కడి నుంచే చిరుగుతుంది" అన్నారు. కుడి చెయ్యి చాచి కత్తెర తీసుకున్నారు. టేపును వేళ్లతో లాగి చూశారు. "ఇది పొడుగ్గానే సాగుతోంది, అడ్డం సాగట్లేదు. మూలలు గుండ్రంగా తియ్యండి. జేబు మూల అయినా అంతే, కోణం ఉంటే ముందు అక్కడే లేస్తుంది."

టేపు కోయాలంటే రెండో చెయ్యి దాన్ని పట్టుకోవాలి. ఆ క్షణంలో ఆయన ఎడమ చెయ్యి ఒడిలోంచి బల్ల మీదికి వచ్చింది. ఈసారి కుడి చెయ్యి తీసుకురాలేదు. భుజం పైకి ఎగదోసి, మోచెయ్యి వంచి, ఎలాగో జరిపి టేపు అంచు మీద పిడికిలి పెట్టి అదిమారు. వేళ్లు తెరుచుకోలేదు, పిడికిలి బరువే పట్టు. కత్తెర కదిలింది, మడత మీద రెండు చిన్న గాట్లు పడ్డాయి. విప్పితే రంధ్రాలు సరిగ్గా ఆయన వేళ్లంత ఉన్నాయి. పిడికిలి ఇంకా బల్ల మీదే ఉందని ఆయన భార్య చెప్పేదాకా ఆయనకు తెలియలేదు.

ఆ రోజు నుంచి టేపు ఆయనే కోశారు, ప్రతిసారీ, రెండు చేతులతోనే. ఎన్నో వ్యాయామాలు రాసిచ్చాను, కానీ ఆ ఐదు నిమిషాల్లో ఎడమ చెయ్యి చేసినంత పని మిగతా వేటిలోనూ చూడలేదు.

మిగతా సాధన కూడా అటే మళ్లించాను. ఎడమ అరచేతిని తెరిచి బల్లకు ఆనించి ఒంటి బరువు దాని మీదికి తేవడం. తువ్వాలు మీద రెండు చేతులూ పెట్టి ముందుకు, పక్కలకు జరపడం. ముడతపడ్డ గుడ్డను ఎడమ అరచేత్తో సాపు చేయడం. కుడి చెయ్యే ఎడమ చెయ్యిలా కనిపించేలా మధ్యలో అద్దం పెట్టి, కుడి చేతి వేళ్లు తెరుస్తూ ఎడమ వేళ్లను తెరవమని అడగడం. వారానికి ఐదు రోజులు నా దగ్గర 45 నిమిషాలు, ఇంట్లో రోజూ రెండుసార్లు అరగంట. లెక్క తప్పకుండా ఉండటానికి ఆయన భార్య చింతగింజలు పెట్టుకుంది. గుడ్డ ఒకసారి సాపు చేస్తే ఒక గింజ గిన్నెలో పడాలి, పూటకు నూరు గింజలు. గిన్నె ఎప్పుడూ ఆయనకు ఎడమ పక్కనే పెట్టమన్నాను, తల అటు తిరగడానికి.

టేపు లేని వారం

టేపు నిజంగా ఏం చేస్తోందో తెలుసుకోవాలని నాలుగో వారంలో ఐదు రోజులు ఒక చిన్న పరీక్ష పెట్టాను. టేపు లేకుండా ఒకసారి, వేశాక అరగంటకు ఒకసారి మణికట్టు ఎంత లేస్తుందో కొలిచాను. లేకుండా 5 డిగ్రీలు, వేశాక 10, ఒకరోజు 15. కానీ చెక్కముక్కల సంఖ్య రెండింటిలోనూ ఒకటే. అంటే టేపు మణికట్టుకు కొంచెం మంచి భంగిమ ఇస్తోంది, పని మాత్రం తానుగా పెంచడం లేదు.

మే నెలలో మా వైపు ఎండ, ఉక్కపోత ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఆరో వారంలో టేపు కింద చెమటకాయలు వచ్చాయి. మొత్తం తీసేసి ఎనిమిది రోజులు ఖాళీగా ఉంచాను. అనుకోకుండా అదీ ఒక పరీక్షే అయింది. భుజం నొప్పి 3 నుంచి 4కు పెరిగింది, సాయంత్రాలు ఎక్కువ. భుజం కింద సందు అప్పటికి ఒక వేలికి తగ్గి ఉంది, టేపు తీసినా పెరగలేదు. వేళ్లు తెరవడం కూడా తగ్గలేదు. టేపు వేసి ఉన్నప్పుడు నొప్పి మీద పనిచేస్తోంది. చేతిలో వచ్చిన కదలిక మాత్రం చేతిలోనే నిలిచి ఉంది, అది సాధనతో వచ్చింది.

నొప్పి తగ్గడం చిన్న విషయం కాదు. నొప్పి పదికి ఏడు ఉన్న మనిషి పూటకు నూరు గింజలు వేయలేడు. నిద్ర లేని మనిషి పొద్దున్నే నా దగ్గరికి వచ్చి 45 నిమిషాలు పని చేయలేడు. అందుకే మళ్లీ టేపు వేశాను, ఈసారి భుజానికి మాత్రమే. మూడు రోజులు వేసి రెండు రోజులు ఖాళీ ఉంచాను.

పన్నెండు వారాల తర్వాత

ఫ్యూగల్-మేయర్ 19 నుంచి మూడో వారానికి 24, ఆరో వారానికి 33, పన్నెండో వారానికి 41. రాత్రి నొప్పి 1. భుజం కింద సందు అర వేలు. మణికట్టు బిగువు 2 నుంచి 1+కు (1కీ 2కీ మధ్య) తగ్గింది. చెక్కముక్కలు ఎడమ చేత్తో నిమిషానికి 14. కళ్లు మూసినా మణికట్టు ఎటు కదిలిందో ఐదుకు నాలుగుసార్లు సరిగ్గా చెప్పారు.

ఈ అంకెలు చూసి టేపు పనితనమని ఎవరూ అనుకోకూడదు. పక్షవాతం తర్వాత మెదడు తనంతట తానుగా కోలుకోవడం చాలావరకు మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. కరెంటు ప్రేరణ ఉంది, రోజుకు రెండు వందల గింజలున్నాయి, భుజాన్ని లాగడం ఆగిపోయింది. వీటిలో దేనిది ఎంత వాటా అని ఒక్క పేషెంటును చూసి విడదీయలేం. నా అంచనా అడిగితే, తాడు విప్పడం, రెక్క పట్టి లేపడం మానడం మొదటి స్థానంలో పెడతాను. గుడ్డ సాపు చేయడం రెండోది. టేపు ఆ తర్వాతే.

ఇంట్లో వేసుకోవాలనుకునేవాళ్లకు రెండు మాటలు. పుండు, ఇన్ఫెక్షన్, పలచబడ్డ చర్మం, జిగురు పడకపోవడం, చెయ్యి ఎర్రగా వాచి వేడిగా ఉండటం, సిరలో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం ఉంటే టేపు వేయకూడదు. మొదటిసారి ఫిజియోథెరపిస్టు దగ్గరే వేయించుకోవాలి. చేతిని ఎంత ఎత్తులో పట్టుకుని వేస్తున్నామన్నదే సగం పని. చెయ్యి జారిన స్థితిలో అంటిస్తే అది జారుడునే పట్టి ఉంచుతుంది.

జూన్ యూనిఫాంలు మాస్టారికి అందలేదు. ఆ దిగులు ఆయనకు చాలా ఉండింది, ఒక వారం సాధన కూడా తగ్గించారు. జూలై మొదటి వారంలో కొట్టు తలుపు తీశారు. ఎడమ కాలు తొక్కుడుకు ఇంకా సరిపోదని కొడుకు మిషనుకు మోటారు పెట్టించాడు. నేను చూడటానికి వెళ్లాను. దిండు గలేబు ఒకటి కుడుతున్నారు, నిటారు కుట్టు. ఎడమ అరచెయ్యి గుడ్డ మీద పడి ఉంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు ఇంకా కొంచెం వంగే ఉన్నాయి, మిగతావి చాపలా ఉన్నాయి. కుట్టు పది అంగుళాలు నడిచాక చెయ్యి వెనక జారింది. మిషను ఆపి, చూపు అటు తిప్పి, మళ్లీ ముందుకు జరుపుకున్నారు. కాలర్లు, గుండీలు ఇంకా రావు. రెండు గంటలు కూర్చున్నాక భుజం లాగుతుందట. ఆ రోజుల్లో మాత్రం భార్య చేత టేపు వేయించుకుంటారు. తీసేటప్పుడు కొబ్బరినూనె రాసి పది నిమిషాలు నాననిచ్చి, చర్మాన్ని ఒక చేత్తో అదిమి పట్టి, వెంట్రుకలు వాలిన వైపుకే నెమ్మదిగా చుట్టుకుంటూ తీస్తుంది ఆమె. ఆ రోజు కొట్టులో బల్ల మీద కొత్త టేపు రోలు ఉంది, పక్కనే మూలలు గుండ్రంగా కోసి పెట్టిన మూడు పట్టీలు.